నేల కథలు - 11: ఇల్లు మనది, కింద నేల ఎవరిది?

ఈ వరసలో ఇప్పటిదాకా మన వాడల గురించి, బంజర్ల గురించి, అసైన్డ్ పట్టాల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కొంచెం దూరం వెళ్దాం. అమెరికాలో ట్రెయిలర్ పార్కులని ఉంటాయి. కాగితాల మీద వాటిని మొబైల్ హోమ్ పార్కులంటారు. ఆ దేశంలో సుమారు 2 కోట్ల మంది ఫ్యాక్టరీలో తయారై లారీ మీద వచ్చిన ఇళ్లలో ఉంటారు. వాళ్లలో లక్షల కుటుంబాలది ఒక విచిత్రమైన బతుకు. ఇల్లు వాళ్లదే. దాని మీద అప్పు కట్టేది వాళ్లే, కప్పు కారితే బాగుచేయించుకునేది వాళ్లే. కానీ ఇల్లు నిలబడ్డ జాగా ఇంకొకడిది. ఆ జాగాకి నెలనెలా అద్దె కట్టాలి. జాగా యజమాని అద్దె పెంచితే నోరు మూసుకుని కట్టాలి. పార్కు మూసేసి మాల్ కడతానంటే ఇల్లు పట్టుకుని లేచిపోవాలి.

సొంత ఇల్లుండీ నిలువ నీడ లేనట్టు బతకడం అంటే ఏమిటో మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. దొర జాగాలో గుడిసె వేసుకుని, దొరకి ఎదురు చెప్తే గుడిసె పీకేస్తాడని భయపడుతూ బతికిన తాతముత్తాతలు మనందరికీ ఉన్నారు.

ఇంత దూరం ఎందుకు వెళ్తున్నానంటే రెండు కారణాలు. ఆ పార్కుల్లో కొందరు పేదవాళ్లు 1984 నుంచి ఒక దారి వేసుకుంటూ వచ్చారు. నేలని అందరూ కలిసి కొన్నారు, మళ్లీ ఎవడి చేతికీ పోకుండా కట్టుదిట్టం చేసుకున్నారు. ఆ దారి ఎలా వేశారో మనం తెలుసుకోవాలి. రెండోది, ఆ దారి వెనక ఉన్న ఆలోచనల్లో ఒకటి అప్పటి మన నల్లగొండ జిల్లా పోచంపల్లి నుంచి వెళ్లింది. వెళ్లిన ఆలోచన అక్కడ ఏమైంది, పుట్టినచోట ఇక్కడ ఏమైంది అన్నది మన చరిత్రలో భాగమే.

*

సాహిత్యం చదువుకున్న మనిషిని కాబట్టి మొదట మాటని పట్టుకుంటాను. 'మొబైల్ హోమ్' అంటే కదిలే ఇల్లు. ఈ పేరే పెద్ద అబద్ధం.

1920ల్లో, 30ల్లో కారు వెనక కట్టుకుని లాక్కెళ్లే చిన్న బండిని ట్రెయిలర్ అనేవాళ్లు. డబ్బున్నవాళ్లకి అది విహారయాత్ర సామాను. 1929 తర్వాత ఆర్థిక మాంద్యంలో ఇళ్లూ పనులూ పోయినవాళ్లకి అదే ఇల్లయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధ ఫ్యాక్టరీలకి వేలాదిగా వచ్చిన కూలీలకి ఇళ్లు చాలక ప్రభుత్వమే ట్రెయిలర్లు కొని వరసలుగా నిలబెట్టింది. అప్పటికి వాటి వెడల్పు 8 అడుగులు. రోడ్డు మీద మామూలుగా లాక్కెళ్లడానికి అంతకంటే వెడల్పు ఉండకూడదు. 1950ల మధ్యలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్మర్ ఫ్రే అనే తయారీదారు 10 అడుగుల వెడల్పుతో చేశాడు. మొబైల్ హోమ్ అన్న మాటని వాడుకలోకి తెచ్చింది కూడా ఆయనే అంటారు. 10 అడుగుల ఇంటిని కారు లాగలేదు. ప్రత్యేక అనుమతి కావాలి, లారీ కావాలి. అంటే ఆ ఇల్లు కదలడం మానేసిన రోజుల్లోనే దానికి 'కదిలే ఇల్లు' అని పేరు పెట్టారన్నమాట.

1974లో అమెరికా పార్లమెంటు ఈ ఇళ్ల నిర్మాణానికి దేశమంతటికీ ఒకే ప్రమాణాలు పెడుతూ చట్టం చేసింది. 1976 జూన్ నుంచి అవి అమల్లోకి వచ్చాయి. 1980లో చట్టంలో 'మొబైల్' తీసేసి 'ఫ్యాక్టరీ తయారీ ఇల్లు' అనే అర్థం వచ్చే మాట పెట్టారు. పేరు మారింది గానీ ఇల్లు నిలబడ్డ నేల మారలేదు. ఒకచోట దింపిన ఇంటిని ఇంకోచోటికి తీసుకెళ్లాలంటే వేల డాలర్లు కావాలి. పాత ఇల్లయితే దారిలోనే విరిగిపోతుంది. విరగకుండా చేరినా, పాత ఇంటిని కొత్త పార్కులో చాలామంది రానివ్వరు. పేరుకి మాత్రం కదిలే ఇల్లు. ఈ పేరు వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. చాలాచోట్ల దీన్ని ఇల్లుగా కాక బండిగా లెక్కకట్టి, కారుకిచ్చే అప్పు లాంటి అప్పే ఇస్తారు. వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. పేరు ఎవరు పెడతారో వాళ్లకే లాభం అన్నది మనకి బాగా తెలిసిన పాఠం.

*

ఈ పార్కులు ఊరికి ఏ వైపున ఉంటాయో చూడండి. హైవే పక్కన, ఫ్యాక్టరీల వెనక, వరద వస్తే మునిగే పల్లంలో, ఊరి పొలిమేర దాటాక. ఇదేమీ యాదృచ్ఛికం కాదు. ఊళ్లో ఏ భాగంలో ఏం కట్టొచ్చో నిర్ణయించే నిబంధనల్ని అక్కడ జోనింగ్ అంటారు. 1926లో యూక్లిడ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు జోనింగ్ చెల్లుతుందని తీర్పు చెప్పింది. సొంత ఇళ్లున్న వీధిలో అపార్టుమెంటు కట్టడాన్ని ఆ తీర్పు పరాన్నజీవితో పోల్చింది. అపార్టుమెంటుకే ఆ గతి అయితే ట్రెయిలర్ సంగతి చెప్పేదేముంది? ఊళ్లకి ఊళ్లే వాటిని నివాస ప్రాంతాల నుంచి బయటికి నెట్టాయి. అక్కడ ఉండేవాళ్లకి 'ట్రెయిలర్ ట్రాష్' అనే తిట్టు మిగిలింది. ట్రాష్ అంటే చెత్త. మనుషుల్ని ముందు చెత్త పోసేచోట ఉంచి, తర్వాత వాళ్లనే చెత్త అనడం. ఈ వరస మనకి కొత్తదా?

పోలిక ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పాలి, లేకపోతే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. ట్రెయిలర్ పార్కుల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది తెల్లజాతి పేదలు. చాలా పార్కులు చాలాకాలం నల్లవాళ్లని గేటు లోపలికే రానివ్వలేదు. పార్కు వదిలి ఊళ్లో ఇల్లు కొనుక్కున్న తెల్లవాడికి ఆ తిట్టు వెంటరాదు. వాడ వదిలి హైదరాబాద్ వచ్చి అద్దె ఇల్లు అడిగిన మనకి కులం వెంటే వస్తుంది. కాబట్టి పార్కూ వాడా ఒకటే అనడం లేదు. ఇంటికీ నేలకీ మధ్య పెట్టిన ఆ చీలికని మాత్రమే చూడమంటున్నాను. మనిషిని లొంగదీసే పని రెండు చోట్లా అదే చేస్తోంది.

*

చీలిక ఎలా పనిచేస్తుందో చిన్న లెక్క వేసి చూద్దాం. 100 ఇళ్లున్న పార్కు ఉందనుకోండి. యజమాని నెలకి ఇంటికి 50 డాలర్లు అద్దె పెంచాడు. ఏడాదికి 60 వేల డాలర్ల అదనపు రాబడి. ఆ పార్కు కొనేవాడు పెట్టుబడి మీద ఏడాదికి 6 శాతం వస్తే చాలనుకుంటే, ఈ ఒక్క పెంపుతో ఆ నేల విలువ 10 లక్షల డాలర్లు పెరుగుతుంది. యజమాని ఒక్క మేకు కూడా కొట్టలేదు. ఇంకోవైపు, అద్దె పెరిగిన జాగాలో ఉన్న ఇంటిని ఎవరూ మంచి ధరకి కొనరు. అంటే ఇల్లున్నవాడి ఆస్తి తరిగి నేలున్నవాడి ఆస్తి పెరిగింది. పేదవాడి గోడల్లోంచి విలువ కిందికి ఇంకిపోయి నేలలో చేరుతోంది.

ఈ లెక్క పెట్టుబడిదారులకి మనకంటే బాగా తెలుసు. పార్కులు కొనడం ఎలాగో నేర్పే శిక్షణ తరగతులే ఉన్నాయక్కడ. అలాంటి తరగతులు నడిపే, స్వయంగా వందలాది పార్కులున్న ఫ్రాంక్ రోల్ఫ్ అనే ఆయన ఈ వ్యాపారాన్ని కస్టమర్లని కుర్చీలకి గొలుసులతో కట్టేసిన హోటల్‌తో పోల్చాడు. ఆ మాట అమెరికాలో పెద్ద దుమారం లేపింది. గత పదిపన్నెండేళ్లలో కార్లైల్, బ్లాక్‌స్టోన్ లాంటి ప్రైవేట్ ఈక్విటీ కంపెనీలు ఈ పార్కుల మీద పడ్డాయి. ఇంటి రుణాలకి ప్రభుత్వ అండతో నడిచే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ సంస్థల నుంచి వీళ్లకి చవగ్గా అప్పులు కూడా దొరికాయి. పేదవాడి ఇంటికి బండి వడ్డీ, వాడి కాళ్ల కింది నేలని కొనేవాడికి చవక వడ్డీ.

*

ఇప్పుడు 1984కి వద్దాం. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో మెరెడిత్ అనే ఊరు. సరస్సుల ప్రాంతం, వేసవిలో డబ్బున్నవాళ్లు సెలవులకి వచ్చే చోటు. అలాంటి చోట నేల ధర ఎటు పోతుందో మనకి తెలుసు. అక్కడ 13 కుటుంబాలున్న ఒక చిన్న ట్రెయిలర్ పార్కు అమ్మకానికి వచ్చింది. ఎవడో కొంటే తమ గతేమిటని భయపడ్డ ఆ 13 కుటుంబాలు మనమే కొందామనుకున్నాయి. కానీ డబ్బెక్కడిది? పేదవాళ్ల సంఘానికి అప్పిచ్చే అలవాటు బ్యాంకులకి ఎక్కడా లేదు. అంతకు ముందటి ఏడాదే, 1983లో, ఆ రాష్ట్రంలో ఒక కమ్యూనిటీ లోన్ ఫండ్ మొదలైంది. మనసున్నవాళ్ల దగ్గర, క్రైస్తవ సన్యాసినుల సంఘాల దగ్గర తక్కువ వడ్డీకి డబ్బు తీసుకుని, బ్యాంకులు గేటు దగ్గరే ఆపేసినవాళ్లకి అప్పివ్వడం దాని పని. జులియానా ఈడ్స్ అనే ఆవిడ దాన్ని మొదటి నుంచీ దశాబ్దాల పాటు నడిపింది. ఆ ఫండ్ ఇచ్చిన నలభై వేల డాలర్ల పైచిలుకు అప్పుతో ఆ 13 కుటుంబాలు సహకార సంఘంగా ఏర్పడి నేల కొన్నాయి.

అంతకుముందు ఇలాంటివి జరగలేదని కాదు. ఫ్లోరిడా, కాలిఫోర్నియాల్లో రిటైరైన కాస్త స్తోమతున్నవాళ్లు తమ పార్కులు కొనుక్కున్న సందర్భాలున్నాయి. అక్కడ ఒక్కో కుటుంబం పెద్ద మొత్తం పెట్టి వాటా కొనాలి. డబ్బు లేనివాడు పాత అద్దెదారుగానే మిగిలిపోతాడు. మెరెడిత్ దారి వేరు. సభ్యత్వానికి చిన్న రుసుము. ఈ పద్ధతిలో నడిచే సంఘాల్లో ఇప్పటికీ అది సాధారణంగా 1000 డాలర్ల లోపే ఉంటుంది. నేల కొన్న అప్పుని నెలనెలా కట్టే అద్దెతోనే తీరుస్తారు. ఆ అద్దె ఇంతకుముందు యజమాని జేబులోకి పోయేది, ఇప్పుడు తమ నేల అప్పు తీరడానికి పోతుంది. ఇంటికొక ఓటు. పెద్ద ఇల్లున్నా, చిన్న ఇల్లున్నా ఒకటే ఓటు. అద్దె ఎంత ఉండాలో, ముందు రోడ్డు వేయాలో నీళ్ల పైపు మార్చాలో తామే తీర్మానిస్తారు. ఇల్లు మాత్రం ఎవరిది వారిదే. ఎప్పుడైనా అమ్ముకోవచ్చు, పిల్లలకి ఇవ్వొచ్చు. నేలలో మాత్రం ఎవరికీ అమ్ముకునే వాటా లేదు. పోయేవాడు తన ఇంటి డబ్బుతో పోతాడు, నేల వచ్చేవాడి కోసం ఉంటుంది.

ఈ చివరి రెండు వాక్యాలు గుర్తుపెట్టుకోండి. మన అసైన్డ్ భూముల దగ్గరికి వచ్చినప్పుడు వీటితో పని పడుతుంది.

ఒక్క పార్కుతో చరిత్ర కాదు. 1980ల చివర న్యూ హాంప్‌షైర్ ఒక చట్టం చేసింది. పార్కు అమ్మదలుచుకున్న యజమాని అందులో ఉండేవాళ్లకి 60 రోజుల ముందు నోటీసివ్వాలి, వాళ్లు కొంటామంటే వాళ్లతో నిజాయితీగా బేరమాడాలి. అమ్మకం ఆగదు, ధర తగ్గదు. కానీ గుట్టుగా అమ్మేసి తెల్లారి కొత్త యజమాని పేరు చెప్పడం కుదరదు. ఆ 60 రోజుల్లో జనం పోగవుతారు, సంఘం రిజిస్టర్ చేస్తారు, ఇంజినీర్ని పిలిచి పైపులూ సెప్టిక్ ట్యాంకులూ చూపిస్తారు, లోన్ ఫండ్ లెక్కలు వేస్తుంది, సంఘం ఓటేస్తుంది. నోటీసు ఇచ్చే చట్టం, అప్పిచ్చే ఫండ్, ఇంటికొక ఓటుండే సంఘం, ఈ మూడూ ఒకచోట కలిశాయి కాబట్టే ఆ చిన్న రాష్ట్రంలో ఇవాళ 140కి పైగా పార్కులు అందులో ఉండేవాళ్ల చేతుల్లో ఉన్నాయి. 2008లో పాల్ బ్రాడ్లీ నాయకత్వంలో ఆర్‌ఓసీ యూఎస్ఏ అనే సంస్థ ఏర్పడి ఈ పద్ధతిని దేశమంతా తీసుకెళ్లింది. దాని కింద 300కి పైగా పార్కులు, 20 వేలకి పైగా ఇళ్లు చేరాయి. న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలోని కార్సీ సంస్థ 2006లో పరిశీలించి, సొంత సంఘం ఉన్న పార్కుల్లో ఇళ్లు త్వరగా, మంచి ధరకి అమ్ముడవుతున్నాయని తేల్చింది. కిందికి ఇంకిపోతున్న విలువ మళ్లీ ఇంటివాడి దగ్గరికి వచ్చిందన్నమాట.

*

ఇక పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18. తెలంగాణ సాయుధ పోరాటం చివరి రోజులు. వినోబా భావే పాదయాత్ర చేస్తూ వచ్చి అక్కడి దళితవాడకి వెళ్లాడు. మీకేం కావాలని అడిగితే నేల కావాలన్నారు మనవాళ్లు. 40 కుటుంబాలకి 80 ఎకరాలు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానన్నాడు. భూదానోద్యమం అలా పుట్టింది. పుస్తకాలన్నీ ఇచ్చినవాడి ఉదారతతో మొదలవుతాయి. నేను మాత్రం అడిగినవాళ్లతో మొదలుపెడతాను. ఎంత కావాలో లెక్కకట్టి, అది కూడా వాడలో నిలబడి అడిగింది మన మనుషులు. వాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

భూదానం తర్వాత గ్రామదానం వచ్చింది. ఊరి నేలంతా ఊరి పేరున ఉండాలన్న ఆలోచన. అది ప్రపంచమంతా మోగింది. అమెరికాలో రాల్ఫ్ బోర్సోడీ అనే ఆర్థిక ఆలోచనాపరుడు 1960ల్లో మన దేశానికి వచ్చి గ్రామదాన్‌ని దగ్గర్నుంచి చూశాడు. తిరిగి వెళ్లి 1967లో రాబర్ట్ స్వాన్‌తో కలిసి ఒక సంస్థ పెట్టాడు. స్వాన్ రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరనన్నందుకు జైలుకెళ్లిన శాంతివాది. ఆ సంస్థ మొదలైంది కూడా న్యూ హాంప్‌షైర్‌లోనే, ఎక్సెటర్ అనే ఊళ్లో.

స్వాన్ జార్జియాలో నల్లజాతి ఉద్యమకారులు చార్లెస్ షెరాడ్, షిర్లీ షెరాడ్, స్లేటర్ కింగ్‌లతో కలిశాడు. ఓటు హక్కు అడిగినందుకు తెల్ల భూస్వాములు నల్ల కౌలుదార్లని ఇళ్లలోంచి గెంటేస్తున్న రోజులవి. వాడి నేల మీద మన ఇల్లున్నంత కాలం మన ఓటు కూడా వాడిదేనని వాళ్లకి అర్థమైంది. 1968లో వాళ్లు కొందరు ఇజ్రాయెల్ వెళ్లి ఉమ్మడి నేలని లీజుకిచ్చే పద్ధతి చూసొచ్చారు. ఆ నేల కింద పాలస్తీనియన్ల నిర్వాసిత చరిత్ర ఉందన్న సంగతి మనం మరవకూడదు. 1969లో జార్జియాలోని లీ కౌంటీలో న్యూ కమ్యూనిటీస్ అనే ట్రస్టు పుట్టింది. 5,700 ఎకరాల పైచిలుకు. ఆ రోజుల్లో దేశంలో నల్లవాళ్ల చేతిలో ఉన్న అతిపెద్ద నేల అదే. గవర్నర్ లెస్టర్ మాడాక్స్ కేంద్ర నిధులు రాకుండా అడ్డుపడ్డాడు. తర్వాత కరువు వచ్చినప్పుడు తెల్ల రైతులకిచ్చిన ప్రభుత్వ రుణాలు వీళ్లకి అందలేదు. 1985లో నేల పోయింది. నల్ల రైతుల పట్ల వ్యవసాయ శాఖ వివక్ష మీద నడిచిన పిగ్‌ఫర్డ్ కేసు ద్వారా 2009లో వీళ్లకి 1 కోటి 20 లక్షల డాలర్ల పరిహారం వచ్చింది. ఆ డబ్బుతో 2011లో 1,638 ఎకరాలు కొన్నారు. ఒకప్పుడు అది వందలమందిని బానిసలుగా ఉంచుకున్న భూస్వామి తోట.

బోర్సోడీ, స్వాన్ల సంస్థే తర్వాత పేరు మార్చుకుని, 1980 ప్రాంతంలో ఊరూరా కమ్యూనిటీ లోన్ ఫండ్లు పెట్టించే పనిలో పడింది. న్యూ హాంప్‌షైర్ ఫండ్ దాని తోడ్పాటుతో పుట్టిందే. మెరెడిత్ 13 కుటుంబాలకి అప్పిచ్చింది ఆ ఫండే. పోచంపల్లి వాడలో అడిగిన 80 ఎకరాల మాట అలా ఎన్నో చేతులు మారి అక్కడిదాకా వెళ్లింది.

దారిలో ఆ మాటకి ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. మన దగ్గర అది దానంగానే ఉండిపోయింది. దానం ఇచ్చేవాడి ఇష్టం. రాళ్లగుట్ట ఇవ్వొచ్చు, కోర్టు కేసున్న నేల ఇవ్వొచ్చు, కాగితం మీద ఇచ్చి చేతిలో ఇవ్వకపోవచ్చు. దేశమంతటా దానంగా చూపిన నేలలో పెద్ద భాగం పేదవాడి చేతికి చేరలేదన్నది అందరూ ఒప్పుకున్న సంగతే. హైదరాబాద్ చుట్టుపక్కల భూదాన భూముల మీద రియల్ ఎస్టేట్ తగాదాలు ఇప్పటికీ కోర్టుల్లో ఉన్నాయి. అక్కడ న్యూ హాంప్‌షైర్‌లో దాన్ని దానం నుంచి బయటికి తీశారు. ఎవడి మనసూ మారనక్కర్లేదు. యజమానికి మార్కెట్ ధర ముడుతుంది. జనానికి నోటీసు హక్కు, అప్పు, ఓటు ఉంటాయి. తీసుకునేవాడు తలవంచాల్సిన పని లేదు.

*

అక్కడ అంతా స్వర్గమని అనుకోకండి. దేశంలో సుమారు 43 వేల పార్కులుంటే, ఉండేవాళ్ల చేతిలో ఉన్నవి వెయ్యి పైచిలుకు. నూటికి రెండో మూడో. నోటీసు చట్టం చాలా రాష్ట్రాల్లో లేదు. పెద్ద కంపెనీలు ధరలు పెంచేశాక సంఘాలు తీసుకోవాల్సిన అప్పు కూడా పెరిగింది. కొన్నిచోట్ల నేల కొన్న మొదటి ఏడాదే అద్దె పెంచుకోక తప్పలేదు. దశాబ్దాలుగా యజమాని పట్టించుకోని పైపులు, మురుగు కాలువలు సంఘం నెత్తిన పడతాయి. రోజంతా పనిచేసి వచ్చి రాత్రి మీటింగులో బడ్జెట్ చూడటం మామూలు కష్టం కాదు. పక్కింటివాడు అద్దె బాకీ పడితే నోటీసివ్వాల్సింది ఇప్పుడు మనమే. ఆ చేదు కూడా సొంతమవుతుంది. పోతే, సంఘం పెట్టినంత మాత్రాన జాతి వివక్ష పోదు, ఓటు లెక్కలో అందరూ సమానమైనా మాటల్లో సమానం కాకపోవచ్చు. ఇవన్నీ నిజమే. అయినా నేల ఎవడికి అమ్ముతారో అన్న భయంతో నిద్రలేచే పొద్దు ఆ ఇళ్లకి లేదు.

*

మనకి దీనితో ఏం పని?

1977 అసైన్డ్ భూముల చట్టం మన చేతిలోని నేలని అమ్మకూడదంది. పేదవాడి నేల పెద్దోళ్లు కాజేయకుండా కాపాడటానికి అన్నారు. కానీ కాపాడే తాళంచెవి ప్రభుత్వం దగ్గరే ఉంది. కంపెనీ కావాలన్నప్పుడు, రింగు రోడ్డు కావాలన్నప్పుడు అదే తాళం తీసి మన నేల వెనక్కి తీసుకుంది. పూర్తి హక్కుదారుతో సమానంగా పరిహారమివ్వాలని 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పేదాకా మన నేలకి సరైన ధర కూడా లేదు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం సవరించి, 20 ఏళ్లు దాటిన అసైన్డ్ సాగు భూముల్ని అమ్ముకోవచ్చంది. మనలో కొందరు పండగ చేసుకున్నారు, కొందరు గుండెలు బాదుకున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అమ్ముకునే హక్కు లేని ఆస్తి ఆస్తే కాదు. బిడ్డ పెళ్లికో ఆసుపత్రికో ఎకరా అమ్ముకునే స్వేచ్ఛ రెడ్డికీ కమ్మకీ ఉండి మాలమాదిగలకి లేకపోవడం అవమానమే. అదే సమయంలో, అప్పుల్లో ఉన్నవాడికి అమ్ముకునే స్వేచ్ఛ ఇస్తే నేల ఎటు పోతుందో కూడా తెలిసిందే.

ఈ వాదన ఎప్పుడూ రెండు గోడల మధ్యే తిరుగుతోంది. ఒకటి, ప్రభుత్వం తాళం వేసి కాపాడాలి. రెండు, ఎవడి ముక్క వాడు అమ్ముకోవాలి. మెరెడిత్ 13 కుటుంబాలు చూపించింది మూడో దారి. నా ఇల్లు, నా కష్టంతో పెరిగిన విలువ నేను అమ్ముకుంటాను. నేల మాత్రం సంఘానిది. తాళం ఉంది, దాని చెవి ఎమ్మార్వో దగ్గర కాదు, మన ఓట్ల దగ్గర ఉంది.

ఇది పరాయి ఆలోచన కూడా కాదు. బాబాసాహెబ్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో సాగు భూమి వ్యక్తుల చేతిలో ముక్కలుగా ఉండకూడదన్నారు. అది రాజ్యం చేతిలో ఉండి, కులమత భేదం లేకుండా ఊరివాళ్లకి ఉమ్మడి సేద్యానికి ఇవ్వాలన్నారు. ఆయన రాజ్యాన్ని నమ్మారు, మనకి ఆ నమ్మకం మిగల్లేదు. కానీ నేలని పంచుకుని ఒంటరిగా నిలబడితే ఒక్కొక్కరుగా పోగొట్టుకుంటామన్న ఆయన హెచ్చరిక అలాగే ఉంది. ఉపకరణాలు కూడా మన దగ్గర లేకపోలేదు. 1995 మ్యాక్స్ చట్టం, అంటే పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, ప్రభుత్వ పెత్తనం లేకుండా సంఘం నడుపుకునే వీలిచ్చింది. పొదుపు సంఘాల్లో మన అక్కలూ అమ్మలూ మూడు దశాబ్దాలుగా అప్పులూ లెక్కలూ చూస్తున్నారు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు కలిసి నేల కౌలుకి తీసుకుని సాగుచేసి చూపించారు. ఆ సొసైటీ పుట్టింది కూడా న్యూ హాంప్‌షైర్ ఫండ్ పుట్టిన 1983లోనే.

మనకి లేనివి రెండు. మన వాడ పక్క నేల, మన కాళ్ల కింది నేల అమ్మేముందు మనకి చెప్పి తీరాలనే చట్టం. మనం కొంటామంటే అప్పిచ్చే మన సొంత ఫండ్. విద్యార్థి సంఘాలు, ఉద్యోగుల సంఘాలు ఏటా జయంతులకీ వర్ధంతులకీ పోగుచేసే డబ్బు గురించి ఒకసారి ఆలోచించండి. విగ్రహం పెట్టొద్దనడం లేదు. విగ్రహం నిలబడ్డ నేల ఎవరిదో కూడా చూడమంటున్నాను.

దానికి ముందు ఒక చిన్న పని. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ వాడ సర్వే నంబరు కనుక్కోండి. అడంగల్లో, పహాణీలో ఆ నేల ఎవరి పేరున ఉంది? గ్రామకంఠమా, పోరంబోకా, అసైన్డా, ఇంకా ఏ దొర పేరునన్నా ఉందా? ఇంటి పట్టా ఉందా, ఉంటే ఎవరి పేరున? రాసుకుని రండి. వచ్చే భాగంలో మీరు తెచ్చిన ఆ కాగితాలతోనే మొదలుపెడదాం.

జై భీమ్.